జాతీయవాదం ఇంత బలపడ్డాక యూరోపియన్ యూనియన్ ఇంకా దగ్గరవుతుందా, ఇక్కడితో ఆగిపోతుందా?

ఓడర్_ఒడ్డు అడిగిన ప్రశ్న

ఈ మధ్య యూరప్‌లో ఏ దేశం ఎన్నికలు చూసినా ఒకటే వరస, జాతీయవాద పార్టీలు బలపడుతున్నాయి. 2024 జూన్‌లో యూరోపియన్ పార్లమెంటు ఎన్నికలు జరిగితే ఫ్రాన్స్‌లో మరీన్ లె పెన్ పార్టీకి 31 శాతం దాటి ఓట్లొచ్చాయి, ఆ రాత్రే అధ్యక్షుడు మేక్రాన్ తన దేశ పార్లమెంటు దిగువ సభను రద్దు చేసేశాడు. సెప్టెంబరులో ఆస్ట్రియాలో ఫ్రీడమ్ పార్టీ మొదటి స్థానంలో నిలిచింది. 2025 ఫిబ్రవరిలో జర్మనీలో ఏఎఫ్‌డీ 20.8 శాతంతో రెండో స్థానానికి వచ్చింది. జూన్‌లో పోలండ్ అధ్యక్ష ఎన్నికలో నవ్రోత్స్కీ 50.89 శాతంతో గెలిచాడు, అక్టోబరులో చెక్ రిపబ్లిక్‌లో బాబిష్ పార్టీ గెలిచింది. ఇటలీలో ప్రధానిగా మెలోనీ 2022 నుంచి ఉండనే ఉంది.

నేను ఉండేది జర్మనీలో, పోలండ్ సరిహద్దుకి ఆనుకుని. ఓడర్ నది మీద వంతెన దాటితే పోలండ్. నేను వచ్చిన కొత్తలో అక్కడ ఒక సరిహద్దు ఉందనే సంగతే గుర్తుండేది కాదు, షాపుల బోర్డుల మీద భాష మారేది అంతే. 2023 అక్టోబరు నుంచి ఈ వైపు జర్మన్ పోలీసుల తనిఖీ మొదలైంది, 2025 జూలై 7 నుంచి ఆ వైపు పోలండ్ వాళ్లదీ మొదలైంది. మా ఆఫీసులో ఒకావిడ రోజూ అటు నుంచి వస్తుంది, ఏ రోజు ఎంతసేపు ఆపుతారో తెలియక ఇప్పుడు చాలా ముందే బయల్దేరాల్సొస్తోంది. ఆవిడ మొన్న ఒక మాట అంది, "మా అమ్మానాన్నలు ఈ క్యూలో నిలబడ్డారు, మేం నిలబడక్కర్లేదని చెప్పే పెంచారు" అని. అది విన్నప్పటి నుంచి మనసులో తిరుగుతూనే ఉంది.

అందుకే అడుగుతున్నాను. బ్రిటన్ లాగా ఇంకో దేశం బయటికి పోతుందా? పోకపోయినా, ఇలాంటి ప్రభుత్వాలు అరడజను కూడితే ఈయూ ముందుకి వెళ్లగలదా? చరిత్ర తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, పొడుగైనా పర్లేదు, చదువుతాను.

పాతపత్రికలు

మొదటి ప్రశ్నకి నా జవాబు సూటిగా: దగ్గర్లో ఇంకో దేశం పోతుందని నేను అనుకోను. కానీ అది విని ధైర్యం తెచ్చుకోకండి, ఎందుకంటే అసలు ప్రమాదం బయటికి పోయేవాళ్లతో కాదు, లోపలే ఉండి పగ్గాలు పట్టుకునేవాళ్లతో.

ముందు ఒక సంగతి. జాతీయవాదం ఈయూకి కొత్త చుట్టం కాదు. 1950ల మొదట్లో ఫ్రాన్సే ఒక ఉమ్మడి యూరోపియన్ సైన్యం ఆలోచన తెచ్చింది, ఆరు దేశాలూ సంతకాలు చేశాయి, తీరా 1954 ఆగస్టు 30న ఫ్రెంచ్ జాతీయ అసెంబ్లీయే దాన్ని పక్కన పడేసింది, వ్యతిరేకించిన సభ్యులు లేచి నిలబడి జాతీయగీతం పాడారు. అంతటితో యూరప్ కథ ముగిసిందని ఆ రోజు చాలామంది అనుకున్నారు. మూడేళ్లు తిరక్కుండానే, 1957 మార్చిలో, అదే ఆరు దేశాలు రోమ్‌లో, ఇప్పటి ఈయూకి పునాది అయిన ఉమ్మడి మార్కెట్ ఒప్పందం మీద సంతకం చేశాయి. తర్వాత 1965లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ తన మంత్రుల్ని బ్రసెల్స్ సమావేశాలకి పంపడం మానేశాడు, ఏడు నెలలు ఫ్రాన్స్ కుర్చీ ఖాళీ. 1966 జనవరిలో లక్సెంబర్గ్‌లో రాజీ కుదిరింది, ఏ దేశమైనా ఇది నాకు ప్రాణప్రదమైన విషయం అంటే అందరూ ఒప్పుకునేదాకా చర్చ సాగాలి అని. అంటే ఆచరణలో వీటో. అక్కణ్ణుంచి దాదాపు ఇరవై ఏళ్లు, 1986లో మెజారిటీ ఓటుని విస్తరించిన సింగిల్ యూరోపియన్ యాక్ట్ అనే ఒప్పందం వచ్చేదాకా, మెజారిటీ ఓటు అనేది కాగితం మీదే ఎక్కువగా ఉండిపోయింది. కాబట్టి ముందుకెళ్లడం, ఆగిపోవడం, ఇంకో దారి వెతుక్కోవడం ఈయూకి పుట్టుకతో వచ్చినవే.

ఇప్పుడు కొత్తది ఏమిటంటే ఆ పార్టీల మాట మారింది. 2017లో లె పెన్ యూరో వదిలేద్దామని ప్రచారం చేసింది. మే 3న మేక్రాన్‌తో టీవీ చర్చలో ఆ యూరో దగ్గరే తడబడింది, ఎన్నికలో 34 శాతం దగ్గర ఆగిపోయింది. 2022కి వచ్చేసరికి ఆ వాగ్దానం మేనిఫెస్టోలోంచి మాయం, ఓట్లు 41 శాతం దాటాయి. మెలోనీ కూడా ఒకప్పుడు యూరో వద్దన్న మనిషే, అధికారంలోకి వచ్చాక ఆ ఊసే లేదు. కారణం పెద్ద రహస్యం కాదు. జనం దాచుకున్న డబ్బంతా యూరోల్లో ఉంది, పొద్దున్న లేచేసరికి అది లీరానో ఫ్రాంకో అయిపోతే దాని విలువ ఎంతుంటుందో ఎవరూ చెప్పలేరు. యూరో వాడే దేశాల్లో సర్వే చేసినప్పుడల్లా పదిమందిలో దాదాపు ఎనిమిది మంది అది మంచిదే అంటున్నారు. పైగా బ్రిటన్‌ని అందరూ కళ్లారా చూశారు. 2016 జూన్ 23న 51.9 శాతం వెళ్లిపోదాం అన్నారు, నిజంగా వెళ్లింది 2020 జనవరి 31న, మధ్యలో ఇద్దరు ప్రధానుల పదవులు పోయాయి, ఐర్లండ్ సరిహద్దు దగ్గర పడిన ముడి విప్పలేక కొన్నేళ్లు తన్నుకులాడారు. జర్మనీలో ఏఎఫ్‌డీ మాత్రమే ఇంకా యూరో వద్దనే మాట మీద ఉంది, పెద్ద పార్టీల్లో అలాంటివి అరుదు.

మరి లోపల ఉండి ఏం చేస్తారు? ఈయూలో చాలా చట్టాలు మెజారిటీతో పాసవుతాయి, 55 శాతం దేశాలు, వాటిలో ఈయూ జనాభాలో 65 శాతం ఉంటే చాలు. కానీ విదేశాంగ విధానం, పన్నులు, కొత్త సభ్యుల్ని చేర్చుకోవడం, ఏడేళ్ల బడ్జెట్, వీటికి 27 దేశాలూ ఒప్పుకోవాలి. ఒక్కరు అడ్డం తిరిగినా ఆగిపోతుంది. 2023 డిసెంబరు 14 బ్రసెల్స్ శిఖరాగ్ర సమావేశం గుర్తుందా? ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టే విషయంలో అప్పటి హంగరీ ప్రధాని ఓర్బాన్ ససేమిరా అన్నాడు. చివరికి జర్మన్ ఛాన్సలర్ షోల్జ్ సలహా మీద ఆయన గదిలోంచి బయటికి వెళ్లాడు, ఆయన లేనప్పుడు మిగతా 26 మంది నిర్ణయం చేసేశారు. అదే రాత్రి తిరిగొచ్చి ఉక్రెయిన్‌కి ఇవ్వాల్సిన 5,000 కోట్ల యూరోల సాయాన్ని ఆపేశాడు, 2024 ఫిబ్రవరి 1న గానీ దిగిరాలేదు. ఆ సమావేశానికి సరిగ్గా ఒక రోజు ముందే హంగరీకి ఆపి ఉంచిన నిధుల్లో దాదాపు 1,000 కోట్ల యూరోలకి ఈయూ పాలనా విభాగమైన కమిషన్ తలుపు తెరిచింది. బేరం అని ఎవరూ ఒప్పుకోలేదు, కానీ యూరోపియన్ పార్లమెంటు దాని మీద కోర్టుకెళ్లింది.

నాకు భయం ఇక్కడే. ఇలాంటి ప్రభుత్వాలు ఒకటి రెండు ఉన్నప్పుడు గదిలోంచి బయటికి పంపొచ్చు. ఫ్రాన్స్ లాంటి దేశంలో అలాంటి ప్రభుత్వం వస్తే ఎవర్ని ఏ గదిలోంచి పంపుతారు?

ఓటరు_మాట

పాతపత్రికలు గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. కానీ ఈ చర్చ ఎప్పుడొచ్చినా ఒకే రకంగా సాగుతుంది, ఒక పక్క యూరప్ కలిసిపోవడం అనే మంచి పని, ఇంకో పక్క దాన్ని చెడగొట్టే జాతీయవాదులు, అన్నట్టు. ఓటేసిన మనిషి వైపు నుంచి ఎవరూ చూడరు. దయచేసి ఒకసారి చూడండి.

2005 మే 29న ఫ్రాన్స్ ప్రజల్ని యూరప్ రాజ్యాంగం కావాలా అని అడిగారు. 55 శాతం మంది వద్దన్నారు. మూడు రోజుల తర్వాత నెదర్లాండ్స్‌లో 61 శాతానికి పైగా వద్దన్నారు. ఈ రెండు దేశాలూ 1957లో సంతకం పెట్టిన ఆరింటిలోవే, ఎక్కడో అంచున ఉన్నవి కావు. తర్వాత ఏమైంది? ఆ రాజ్యాంగంలోని చాలా భాగాన్ని లిస్బన్ ఒప్పందం పేరుతో తెచ్చారు, ఈసారి ఫ్రాన్స్‌లో, నెదర్లాండ్స్‌లో జనాన్ని అడగకుండా పార్లమెంటుల్లో పాస్ చేసుకున్నారు. ఐర్లండ్‌లో మాత్రం అడగక తప్పలేదు, 2008లో వాళ్లు వద్దన్నారు, కొన్ని హామీలిచ్చి 2009లో మళ్లీ అడిగి సరే అనిపించారు. 2009 డిసెంబరు 1న ఒప్పందం అమల్లోకి వచ్చింది. చట్టప్రకారం అంతా సరిగ్గానే జరిగింది, నేను కాదనను. కానీ 2005లో వద్దని ఓటేసిన మనిషికి ఏం అర్థమై ఉంటుంది?

గ్రీసు సంగతి ఇంకా బాధ. 2015 జూలై 5న అప్పులవాళ్ల షరతులు వద్దని 61 శాతం మంది ఓటేశారు. జూలై 13 ఉదయానికి వాళ్ల ప్రధాని త్సిప్రాస్ రాత్రంతా బ్రసెల్స్‌లో కూర్చుని దానికంటే కఠినమైన షరతులకి తలూపి వచ్చాడు. బ్యాంకులు మూతపడి ఉన్నాయి, రోజుకి 60 యూరోలకి మించి తీసుకోనివ్వడం లేదు, ఆయనకి వేరే దారి లేకపోయింది. నేను ఆయన్ని తప్పు పట్టను. కానీ నీ ఓటుతో ప్రభుత్వం మారుతుంది, విధానం మారదు అని ఒక దేశం మొత్తానికి అంత పచ్చిగా చూపిస్తే, మా దేశం చేతిలోకి అధికారం తిరిగి తెస్తాం అని చెప్పేవాడి దగ్గరికి జనం పోతే ఆశ్చర్యం ఏముంది?

ఇక అందరూ చెప్పే మందు, వీటో తీసేసి అన్నీ మెజారిటీ ఓటుతో చేద్దాం అని. దాన్ని ఒకసారి వాడి చూశారు కూడా. 2015 సెప్టెంబరులో ఇటలీ, గ్రీసుల్లో చిక్కుకున్న శరణార్థుల్లో 1,20,000 మందిని మిగతా దేశాలకి పంచాలని మెజారిటీ ఓటుతో తీర్మానించారు, చెక్, హంగరీ, రుమేనియా, స్లొవాకియా వద్దు మొర్రో అన్నా వినలేదు. అంతకుముందు ఒప్పుకున్న 40,000 కలిపితే మొత్తం 1,60,000 కావాలి. చివరికి నిజంగా పంచింది దాదాపు 35,000 మందిని. ఓటులో గెలిచారు, పనిలో ఓడిపోయారు, పైగా తర్వాత వచ్చిన ప్రతి ఎన్నికలో ఓర్బాన్‌కి వాడుకోవడానికి ఒక ఆయుధం చేతికిచ్చారు. ఒక సమాజం ఒప్పుకోని విషయాన్ని పక్క దేశాల ఓట్లతో నెత్తిన పెడితే అది నిలవదు.

నాకు యూరప్ విడిపోవాలని లేదు. ఆ కోరికే ఉంటే ఇంత రాయను. జనాన్ని అడగాలి, వాళ్లు వద్దంటే ఆగాలి, అంతే నేను అనేది.

పద్దుల_పుస్తకం

ఇద్దరూ రాజకీయం చెప్పారు, నేను డబ్బు వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే నా లెక్కలో జాతీయవాదం అంటే ఆ నాలుగు పార్టీలే కాదు.

ఈయూ బడ్జెట్ మొత్తం సభ్యదేశాల ఆదాయంలో సుమారు 1 శాతం. అదే దేశాల ప్రభుత్వాలు తమ సొంత ఖర్చులకి వాడేది జీడీపీలో దాదాపు సగం. బ్రసెల్స్ మన నెత్తిన కూర్చుంది అని ఉపన్యాసాలిచ్చే వాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. సైన్యం లేదు, పోలీసులు లేరు, పన్నులు వేసే అధికారం దాదాపు లేదు, పెన్షన్లు ఇవ్వదు. రూల్స్ రాస్తుంది, అదే దాని బలం.

2024 సెప్టెంబరులో ఇటలీ మాజీ ప్రధాని, యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్‌ని నడిపిన మారియో డ్రాగీ ఒక రిపోర్టు ఇచ్చాడు. అమెరికా, చైనాలతో పోటీలో నిలబడాలంటే ఏడాదికి అదనంగా 75,000 నుంచి 80,000 కోట్ల యూరోల పెట్టుబడి కావాలన్నాడు. అది ఏ ఒక్క దేశం వల్లా అయ్యే పని కాదు. ఉమ్మడి మార్కెట్ అని పేరేగానీ, దేశాల మధ్య మిగిలిపోయిన అడ్డంకులన్నీ కలిపితే వస్తువుల మీద దాదాపు 44 శాతం సుంకం వేసినంత పని అని ఐఎంఎఫ్ లెక్కగట్టింది, సేవల్లో అయితే 110 శాతం. అంటే బయటివాళ్లెవరో సుంకాలు వేస్తారని అరుస్తూ, తమలో తాము అంతకంటే ఎక్కువ వేసుకుంటున్నారన్నమాట.

ఈ గోడలు కట్టింది ఎవరు? లె పెన్ కాదు, ఏఎఫ్‌డీ కాదు. 2024 సెప్టెంబరులో ఇటలీ బ్యాంక్ యూనిక్రెడిట్ జర్మనీలోని కామర్స్‌బ్యాంక్‌లో వాటా కొంటే బెర్లిన్ ప్రభుత్వం భగ్గుమంది. అప్పుడున్నది సోషల్ డెమోక్రాట్ షోల్జ్. తర్వాత వచ్చిన కన్జర్వేటివ్ మెర్జ్ కూడా అదే పాట. యూరప్‌కి పెద్ద బ్యాంకులు కావాలి, సరిహద్దులు దాటి డబ్బు ప్రవహించాలి అని ప్రతి ఉపన్యాసంలో చెప్పే మనుషులే వీళ్లు! బ్యాంకుల్లో జనం డిపాజిట్లకి ఉమ్మడి బీమా పెడదామని కమిషన్ 2015 నవంబరులో ప్రతిపాదించింది, పదేళ్లు దాటినా అది ముడి వీడలేదు, ఎందుకంటే పక్క దేశం బ్యాంకు మునిగితే మన డబ్బుతో ఎందుకు కట్టాలి అనేది ఉత్తరాది దేశాల వాదన. ఓడర్_ఒడ్డు గారూ, మీ వంతెన మీద జర్మన్ తనిఖీలు పెట్టింది కూడా జాతీయవాద ప్రభుత్వం కాదు. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ అన్ని భూ సరిహద్దులకీ వాటిని పెంచినప్పుడు హోంమంత్రి సోషల్ డెమోక్రాట్. ఏఎఫ్‌డీ ఒక్క మంత్రి పదవి లేకుండానే తను కోరిన పని చేయించుకుంది. నన్నడిగితే జాతీయవాదం గెలుపు అంటే ఇదే, వాళ్లు గద్దె ఎక్కక్కర్లేదు, గద్దె మీద ఉన్నవాళ్లు భయపడితే చాలు.

అయినా నేను నిరాశలో లేను. పీకల మీదికొస్తేగానీ ఈయూ కదలదు, వచ్చినప్పుడు మాత్రం ఎవరూ ఊహించనంత దూరం కదులుతుంది. 2020 జూలైలో నాలుగు రోజులు కొట్టుకుని, కోవిడ్ దెబ్బ తిన్న దేశాలకోసం అందరి పేరు మీదా 75,000 కోట్ల యూరోల దాకా అప్పు తేవడానికి ఒప్పుకున్నారు, సగానికి పైగా తిరిగివ్వక్కర్లేని గ్రాంట్లు. ఆ అప్పు 2058 దాకా తీరుస్తారు. అంతకు పదేళ్ల ముందు, గ్రీసు సంక్షోభం మొదట్లో, ఉమ్మడి అప్పు అనే మాట బెర్లిన్‌లో ఎత్తడానికే లేదు. 2025లో ఆయుధాలకోసం 15,000 కోట్ల యూరోల ఉమ్మడి రుణాలు. ఆ డిసెంబరులోనే ఉక్రెయిన్‌కి 9,000 కోట్ల యూరోల రుణం, హంగరీ, స్లొవాకియా, చెక్ మాకు ఆ భారం వద్దంటే సరే మీరు ఉండిపోండి అని మిగతా 24 దేశాలు ముందుకెళ్లాయి. నా అంచనాలో రాబోయే రోజుల ఈయూ ఇలాగే ఉంటుంది. 27 కలిసి నడవడం తగ్గుతుంది, ఇష్టమున్న పద్దెనిమిదో ఇరవయ్యో కలిసి ఒక్కో పని చేయడం పెరుగుతుంది. యూరో, షెంగెన్ (సరిహద్దు తనిఖీలు లేకుండా తిరిగే ఏర్పాటు) మొదలైంది కూడా అలాగే కదా, షెంగెన్ ఒప్పందం మీద 1985లో సంతకం పెట్టింది ఐదు దేశాలే.

రాళ్ళదారి

పైన పెద్ద పెద్ద అంకెలు చదివాక నాకు గోరీజియా రాయాలనిపించింది. ఇటలీ, స్లొవేనియా సరిహద్దులో ఉన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1947లో సరిహద్దు గీస్తే ఊరు ఇటలీకి, ఊరి ఉత్తరం వైపు రైల్వే స్టేషన్ యుగోస్లావియాకి పోయాయి, స్లొవేనియా అప్పుడు అందులో భాగం. ఊరు పోయిందని యుగోస్లావియా పక్కనే నోవా గోరిత్సా అని కొత్త ఊరు కట్టుకుంది. స్టేషన్ ముందున్న చౌరస్తా మధ్యలో కంచె.

2004లో స్లొవేనియా ఈయూలో చేరాక ఆ కంచె తీసేశారు. ఇప్పుడు అక్కడ నేల మీద ఒక గుండ్రటి లోహపు పలక ఉంటుంది, సరిహద్దు గుర్తుగా. నేను వెళ్లినప్పుడు పిల్లలు దాని మీద ఒక కాలు ఇటలీలో, ఒక కాలు స్లొవేనియాలో పెట్టి ఫొటోలు దిగుతున్నారు. పక్కన బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉంటే మాట కలిపాను. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్న పొలం సరిహద్దుకి అవతల పడిందట, సొంత పొలానికి వెళ్లడానికి ప్రత్యేక పాసు చూపించాల్సి వచ్చేదట. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు అదే చౌరస్తాలో మళ్లీ కంచె వేశారు. రోగం భయం కన్నా ఆ కంచె చూస్తేనే ఎక్కువ భయమేసింది అన్నాడాయన.

2025లో ఆ రెండు ఊళ్లూ కలిసి యూరప్ సాంస్కృతిక రాజధాని అయ్యాయి, రెండు దేశాల ఊళ్లకి కలిపి ఒకే గౌరవం. ఆ ఏడాదంతా ఇటలీ స్లొవేనియా సరిహద్దులో తనిఖీలు కూడా నడుస్తూనే ఉన్నాయి, 2023 అక్టోబరులో తాత్కాలికం అని మొదలుపెట్టి పొడిగించుకుంటూ వచ్చారు. మెలోనీ ప్రభుత్వం పొడిగిస్తుంది, అదే మెలోనీ ప్రభుత్వం ఉత్సవానికి డబ్బూ ఇస్తుంది. ఓటరు_మాట గారు అన్నట్టు జనం వైపు నుంచి చూడాలంటే ఇలాంటి ఊళ్ల జనాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. సరిహద్దు లేకపోవడం వాళ్లకి సిద్ధాంతం కాదు, ఆస్పత్రి, బడి, పెళ్లి సంబంధం. లక్సెంబర్గ్‌లో పనిచేయడానికి రోజూ ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియంల నుంచి వచ్చేవాళ్లు రెండు లక్షలకి పైనే, ఆ దేశం జనాభానే ఏడు లక్షలు దాటదు. అక్కడ తనిఖీ అంటే రోజూ జీతం మీద దెబ్బ.

ఓడర్_ఒడ్డు

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. ఓటరు_మాట గారూ, 2015 పంపకాల సంగతి నాకు తెలియదు, అది చదివాక మెజారిటీ ఓటు మీద నా అభిప్రాయం కదిలింది. ఇంకొక్క ప్రశ్న. ఉక్రెయిన్, మోల్డోవా, బాల్కన్ దేశాలు చేరడం ఇలాంటి వాతావరణంలో అసలు జరిగే పనేనా? ఈ జాతీయవాద పార్టీలన్నీ ఒక్కటై అడ్డుకుంటే?

పాతపత్రికలు

ఒక్కటవడం అంత తేలిక కాదు వాళ్లకి, ఎందుకంటే ప్రతివాడికీ తన దేశమే ముందు. 2007 జనవరిలో యూరోపియన్ పార్లమెంటులో అలాంటి పార్టీలు కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నాయి. ఆ ఏడాది నవంబరులో ఇటలీ సభ్యురాలు అలెస్సాండ్రా ముస్సోలినీ రుమేనియన్ల మీద నోరు జారింది, గ్రూపులోని రుమేనియా సభ్యులు లేచిపోయారు, సభ్యుల సంఖ్య చాలక గ్రూపే రద్దయింది. 2024 మేలో లె పెన్, ఇటలీ నాయకుడు సల్వీనీల గ్రూపు ఏఎఫ్‌డీనే బయటికి గెంటింది, ఏఎఫ్‌డీ ముఖ్య అభ్యర్థి హిట్లర్ కాలం నాటి నాజీ దళం ఎస్ఎస్ వాళ్లందరూ నేరస్తులు కారు అన్నందుకు. ఇప్పుడు 720 సీట్ల పార్లమెంటులో వాళ్లు మూడు గ్రూపులుగా ఉన్నారు. రష్యా విషయంలో పోలండ్ పార్టీకీ హంగరీ పార్టీకీ చుక్కెదురు. కానీ ఒక్కటి, ఆపడానికి వాళ్లు కలవక్కర్లేదు. ఆపడానికి ఒక్కరు చాలు.

ఉత్తర మాసిడోనియాని చూడండి. 2005లో అభ్యర్థి దేశం హోదా వచ్చింది. పేరు మార్చుకుంటే తప్ప కుదరదని గ్రీసు అడ్డుపడింది, మా ప్రాంతం పేరు మీరెలా పెట్టుకుంటారు అని. 2018లో ఒప్పందం చేసుకుని 2019లో దేశం పేరే మార్చుకున్నారు. ఆ అక్టోబరులో ఫ్రాన్స్ వద్దంది, అది కూడా లె పెన్ కాదు, మేక్రాన్. 2020లో బల్గేరియా అడ్డుపడింది, చరిత్ర, భాష గురించి మా మాట ఒప్పుకోవాలని. ఇప్పుడు రాజ్యాంగంలో బల్గేరియన్ల ప్రస్తావన చేర్చాలన్న షరతు దగ్గర ఆగి ఉంది. ఇరవై ఏళ్లు! అక్కడ యువకులు చేరికకోసం ఎదురుచూడకుండా వాళ్లే సూట్‌కేసు సర్దుకుని జర్మనీకి వచ్చేస్తున్నారు.

ఉక్రెయిన్‌కి 2022 జూన్‌లో హోదా, 2024 జూన్‌లో చర్చలు మొదలు. పోలండ్ వాళ్లంత గట్టి స్నేహితులు లేరనుకుంటే, 2023 ఏప్రిల్‌లో ఉక్రెయిన్ గోధుమలు చవగ్గా వచ్చి తమ రైతులు మునిగిపోతున్నారని దిగుమతి ఆపింది ఆ పోలండే. మోల్డోవాలో 2024 అక్టోబరు రెఫరెండంలో ఈయూ వైపు 50.35 శాతం, చావు తప్పి కన్ను లొట్టబోయినట్టు. చిన్న దేశాలు, ముందు మాంటినెగ్రో, ఈ దశాబ్దం చివరికి రావచ్చని నా ఆశ. ఉక్రెయిన్ విషయంలో మాత్రం, వ్యవసాయ సబ్సిడీల లెక్క మొత్తం తిరగరాయకుండా ఎలా చేరుస్తారో నాకు కనిపించడం లేదు.

ఓటరు_మాట

రాళ్ళదారి గారూ, మీ పెద్దాయన మాట నాకు తగిలింది. లెక్కలోకి తీసుకుంటాను. అయితే ఆ పొలం పాసు కష్టం తెలిసిన ఊళ్లోనే మెలోనీ పార్టీకి ఎందుకు ఓట్లు పడుతున్నాయో కూడా అడగాలి. సరిహద్దు వద్దు, కానీ ఎవరొస్తున్నారో మాకు తెలియాలి అని రెండూ ఒకే మనిషి కోరుకోవచ్చు, అందులో తప్పేం లేదు. 2024లో పాస్ చేసిన వలస, శరణార్థి ఒప్పందం 2026 జూన్ నుంచి అమలు. బయటి సరిహద్దు దగ్గర ఆ కొత్త పద్ధతి పనిచేస్తే లోపలి తనిఖీలకి సాకు ఉండదు. పనిచేయకపోతే ఓడర్ వంతెన మీద పోలీసులు ఇంకా చాలా ఏళ్లు ఉంటారు.

పద్దుల_పుస్తకం

దానికి తోడు ఇంకొకటి గమనించండి, 2028 నుంచి 2034 దాకా ఏడేళ్ల బడ్జెట్. కమిషన్ 2025 జూలైలో దాదాపు 2 లక్షల కోట్ల యూరోల ప్రతిపాదన పెట్టింది, రైతుల డబ్బునీ వెనకబడిన ప్రాంతాల డబ్బునీ ఒకే దేశవారీ నిధిలో కలిపేస్తామంది, అప్పుడే రైతు సంఘాలు రోడ్డెక్కాయి. దీనికి 27 మందీ ఒప్పుకోవాలి, 2027 చివరికల్లా తేలాలి. సరిగ్గా మధ్యలో, 2027 ఏప్రిల్‌లో, ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నిక. బ్రసెల్స్‌లో బడ్జెట్ చూసేవాళ్లంతా ఆ ఎన్నికకి ముందే బేరం తెగ్గొట్టాలని తొందరపడేది అందుకే. ముందే తేలితే చాలా వరకు నా అంచనా నిలుస్తుంది. తేలకపోతే పాతపత్రికలు గారు అడిగిన గది ప్రశ్నకి జవాబు వెతకాల్సిందే, నా దగ్గర మాత్రం లేదు.